రెండక్షరాల జాబితా

నేను రాసిన మొట్టమొదటి పనికొచ్చే ప్రోగ్రాము ఒక మనిషిని ఇల్లు విడిచి వెళ్లిపోయేలా చేసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను, పెద్ద పెద్ద యంత్రాల మీద పనిచేశాను. రిటైరైన రోజు సభలో అందరూ ఆ పెద్ద పనుల గురించే మాట్లాడారు. ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఎవరికీ తెలియదు. ఇప్పుడు కంప్యూటరు నేర్చుకుంటున్న పిల్లలు వచ్చి, మీ అనుభవం ఏదైనా చెప్పండి మేడం అని అడిగితే, నోటిదాకా వచ్చేది ఇదే, ఎప్పుడూ చెప్పనిదీ ఇదే. అందుకే రాసి పెడుతున్నాను.

ఎనభైల మధ్యలో మాట. మాది నందిగామ. డిగ్రీలో లెక్కలు చదివి, బెజవాడ వెళ్లి ఆరు నెలలు ప్రోగ్రామింగు నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే, ఇరవై మందికి రెండు కంప్యూటర్లున్న చోట వారానికో గంట మీటల మీద చెయ్యి వేసి, మిగతాదంతా నోటుపుస్తకంలో రాసుకున్నానన్నమాట. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని జగ్గయ్యపేట అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాను. ఏడాది ప్రొబేషను. రోజూ పొద్దున్నే నందిగామలో బస్సెక్కి, చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేటలో దిగి, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీ వ్యానులో వెళ్లేదాన్ని.

కంప్యూటరు సెక్షనంటే ముగ్గురం. మా ఆఫీసరుగారు, నేను, టైపు చేసే అమ్మాయి. అంత దుమ్ములో చల్లగా, శుభ్రంగా ఉండే గది మాదొక్కటే. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. పని మీద అటుగా వచ్చినవాళ్లు అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూసి పోయేవాళ్లు. ఆ యంత్రాన్ని తెప్పించడానికి ఆఫీసరుగారు రెండేళ్లు పైవాళ్ల చుట్టూ తిరిగారట. అది దండగమారి ఖర్చని ఎవరైనా అంటారేమోనని ఆయనకెప్పుడూ గుబులే. టైపు చేసే అమ్మాయిది పెనుగంచిప్రోలు. నాకంటే నాలుగేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే కారియర్లోంచి తినేవాళ్లం. ఆమె తెచ్చిన గోంగూర నేను, నేను తెచ్చిన పప్పు ఆమె.

ఆ ఏడు ఫ్యాక్టరీలో అందరికీ ఒంటి పరీక్ష చేసి ఛాతీ ఎక్స్‌రేలు తీయించారు. పదకొండు వందల మంది పైనే. ఒక్కొక్కరి కార్డు మీద మా ఫ్యాక్టరీ డాక్టరుగారు ఇంగ్లీషులో ఒక వరస రాశారు, కొన్నిటి మీద కాంపౌండరుగారి చేత రాయించారు. ఆ కార్డులన్నీ మా టైపు అమ్మాయి నెలరోజులు కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించింది. అంతలో, ఎంతమందికి క్షయ ఉందో పేర్లతో సహా వెంటనే పంపమని పైనుంచి ఉత్తరం వచ్చింది. డాక్టరుగారు సెలవు మీద ఊరెళ్లారు, పదిరోజుల దాకా రారు. ఇదే అదననుకున్నారు మా ఆఫీసరుగారు. మన యంత్రం ఒక్క పూటలో తీసిస్తుందని మాటిచ్చి వచ్చేశారు. వచ్చి ఆ పని నాకు అప్పగించారు.

వినడానికి పని చాలా చిన్నది. డాక్టరుగారు రాసిన వరసలో టి, బి అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఆ మనిషి పేరు, టోకెను నంబరు జాబితాలో వెయ్యాలి. మీకిప్పుడది ఒక్క మాటతో అయిపోతుంది. నాకు అదొక్కటే రెండు రోజుల పని. అట్టముక్కకి రెండక్షరాలు మాత్రం కనిపించేంత కిటికీ కోసి, దాన్ని వరస మీద ఎడమనుంచి కుడికి ఒక్కో అక్షరం చొప్పున జరుపుకుంటూ పోయినట్టు ఊహించుకుని రాశాను. కిటికీలో టి, బి కనిపిస్తే ఆగు. లేకపోతే ఇంకో అక్షరం జరుపు. చివరికి వచ్చాక తర్వాతి కార్డు తియ్యి. అంతే.

మొదటిసారి నడిపినప్పుడు ఒక పేరు చూసి నవ్వొచ్చింది. ఫుట్‌బాల్ ఆడి మోకాలు బెణికించుకున్న ఒక ఫిట్టరు పేరది. ఆ ఇంగ్లీషు మాట మధ్యలో టి పక్కనే బి ఉంటుంది కదా. మా అమ్మాయికి చూపిస్తే ఆమె కూడా నవ్వింది. రెండక్షరాలకి అటూ ఇటూ వేరే అక్షరం ఆనుకుని ఉండకూడదని ఒక షరతు చేర్చి సరిచేశాను. ఆ తప్పు పట్టుకున్న సంతోషమే నన్ను ముంచింది. ఒకటి దొరకగానే తప్పులన్నీ అయిపోయాయనుకున్నాను. ఆ రెండక్షరాల ముందూ వెనకా డాక్టరుగారు ఏం రాశారో ఒక్క వరస కూడా చదవలేదు.

యాభై ఎనిమిది పేర్లు వచ్చాయి. ప్రింటరు చప్పుడు చేస్తూ ఒక్కో పేరూ కొడుతుంటే ఆఫీసరుగారు పక్కనే నిలబడి చూశారు. కాగితం చింపి చేతికిస్తే, భుజం తట్టినంత పని చేశారు. నేను మాత్రం ఆ కాగితం పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాను. మా ఇంట్లో చిన్నతాత ఆ జబ్బుతోనే పోయాడు. ఇంట్లో దాని పేరు పలికేవాళ్లు కాదు, ‘ఆ జబ్బు’ అనేవాళ్లు. ఆయన కంచం, చెంబు, పక్క అన్నీ ఊరవతల తగలబెట్టి వచ్చారని చిన్నప్పుడు విన్నాను. కాగితం మీద పేర్లు ముట్టుకుంటే జబ్బు అంటదని తెలుసు. అయినా కడుక్కున్నాను.

ఆ జాబితా పైవాళ్ల కవరులోకో, డాక్టరుగారి బల్ల సొరుగులోకో వెళ్లాల్సింది. సోమవారం పొద్దున్నే గేటు దగ్గర నోటీసు బోర్డు మీద కనిపించింది. కింది కార్మికులు ఊపిరితిత్తుల పరీక్ష పూర్తయ్యేదాకా డ్యూటీకి రాకూడదని పైన ఒక వాక్యం. అంతకంటే విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. సాయంత్రానికల్లా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది.

భయం ఎంత తొందరగా పాకుతుందో అప్పుడు చూశాను. క్యాంటీనులో గ్లాసులన్నీ మరిగే నీళ్లలో వేశారు. జాబితాలో పేరున్న ఒకతన్ని అద్దెకున్న గది ఖాళీ చెయ్యమన్నారు. ఇంకొకతని పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయిందన్నారు. బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ, ఆ ఫ్యాక్టరీలో ఎలా చేస్తున్నావమ్మా అని నన్నే అడిగి, ఇంకాస్త అవతలికి జరిగింది.

చిల్లకల్లులో ఒకతను రోజూ మా బస్సెక్కేవాడు. ప్యాకింగులో బస్తాలు నింపే పని. ఎంత తోమినా కనుబొమల మీద సిమెంటు రంగు పోయేది కాదు. పేరు తెలియకపోయినా, రోజూ చూసే మొహం కాబట్టి తల పంకించేవాడు. నేనూ పంకించేదాన్ని. మంగళవారం పొద్దున అతను బస్సెక్కగానే ముందు వరసలో ఇద్దరు లేచి వెనక్కి వెళ్లారు. అప్పుడు నాకర్థమైంది, అతని పేరు కూడా నా జాబితాలో ఉందని, సంగతి కనుక్కోవడానికే బయల్దేరాడని. కడ్డీ పట్టుకుని నిలబడి, అలవాటుగా నా వైపు చూశాడు. నేను పైట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. అతను చూశాడు. చూసి తల తిప్పుకుని జగ్గయ్యపేట వచ్చేదాకా రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

బుధవారం మధ్యాహ్నం డిస్పెన్సరీ కాంపౌండరుగారు మా గదికొచ్చారు. జగ్గయ్యపేట సాయిబు, పెద్దాయన, డాక్టర్లు ఎంతమంది మారినా మారని మనిషి. చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, జేబులోంచి ఒక కాగితం తీశారు. బోర్డు మీద పేర్లు పెన్సిలుతో రాసుకొచ్చారు. దాన్ని నా బల్ల మీద పరిచి ఒక పేరు మీద వేలు పెట్టారు.

“అమ్మా, ఈ చిల్లకల్లు అతని ఎక్స్‌రే కవరు మీద నంబరు నేనే వేసా. డాక్టరుగారు చెప్తుంటే కార్డు మీద రాసింది కూడా నేనే. నో టీబీ అని రాసా. మీ మిషనుకి వేరేగా ఏవన్నా తెలిసిందా?”

ఆయన ముందే అతని కార్డు తెర మీదికి తెచ్చాను. నో టీబీ. ఇంకొకటి తెచ్చాను. నో టీబీ. ఇంకొకటి, తండ్రికి టీబీ ఉండేదట, ఇతనికి లేదు. ఇంకొకటి, చిన్నప్పుడు టీబీ, నయమైంది. నా అట్టముక్క కిటికీలో రెండే అక్షరాలు పట్టేవి. వాటికి ముందు ‘నో’ ఉందో లేదో అది చూడలేదు, నేనూ చూడమని చెప్పలేదు. యాభై ఎనిమిదిమందిలో డాక్టరుగారు నిజంగా అనుమానం రాసింది ఆరుగురికే.

ఆఫీసరుగారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన వింటూ వింటూ కుర్చీలో కిందికి జారిపోయారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. గొంతు తగ్గించి, గురువారమో శుక్రవారమో మళ్లీ పరీక్షలు మొదలవుతాయి, అప్పుడు అదే తేలిపోతుంది, ఈలోగా మనం నోరెత్తితే యంత్రాన్ని మూట కట్టి పంపేస్తారు, నీ ప్రొబేషను కూడా ఆలోచించుకో అన్నారు. ఆయన ముఖంలో కూడా భయమే. నా భయానికి ఆయన భయం తోడు దొరికినట్టయింది. సరేనండి అని వచ్చేశాను. పిల్లలూ, ఈ మాట రాయకుండా దాటేద్దామని చాలాసార్లు అనిపించింది. కానీ ఆ రోజు నేను సరేనన్నాను. సాయంత్రం బస్సులో చిల్లకల్లు దగ్గర కళ్లు మూసుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున వ్యాను దిగేసరికి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. వాచ్‌మన్ ఆమెని దూరంగా నిలబెట్టి మాట్లాడుతున్నాడు. భర్త నిన్న పొద్దున మళ్లీ ఫ్యాక్టరీలో కనుక్కొస్తానని బయల్దేరాడు, ఇంతవరకూ రాలేదు, లోపలున్నాడేమో చెప్పండని అడుగుతోంది. లోపలికే రాలేదన్నాడు అతను. లారీలోంచి దిగిన ఒక లోడింగు మనిషి, నిన్న ముక్త్యాల రోడ్డులో నడిచి వెళ్తుంటే చూశానన్నాడు.

ముక్త్యాల రోడ్డు ఎక్కడికి పోతుందో అక్కడున్న అందరికీ తెలుసు. కృష్ణ ఒడ్డుకి. ఆవిడ మాత్రం బోర్డు వైపు తిరిగి, చదవడం రాకపోయినా, ఆ కాగితం వంక చూస్తూ నిలబడింది.

నేను గేటు దాటి లోపలికి నడిచాను. పది అడుగులు వేసుంటాను. వెనక్కి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను. మీది చిల్లకల్లేనా అని అడిగితే, తలూపింది.

“మీ ఆయనకి ఆ జబ్బు లేదమ్మా. డాక్టరుగారు లేదనే రాసారు. ఆ కాగితం తయారుచేసింది నేను. తప్పు నాది.”

ఆవిడకి ముందు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. తిట్టలేదు, కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. “ఆయనకి తెలీదు కదమ్మా ఈ సంగతి,” అంది. “నడువమ్మా. నువ్వే చెప్దువుగాని.”

కాంపౌండరుగారు డిస్పెన్సరీ వ్యాను తీయించారు. ఎవరినడిగి తీయించారో తెలియదు. అడగలేదనే అనుకుంటాను. ముగ్గురం ఎక్కాం. ఆ దారంతా ఆవిడ మాట్లాడుతూనే ఉంది, ఆపితే ఏమవుతుందోనన్నట్టు. రెండు రాత్రులూ అతను అరుగు మీదే పడుకున్నాడట. అత్తగారు రెండేళ్ల పిల్లని తండ్రి దగ్గరికి పోనివ్వలేదట. పిల్ల అరుగు వైపు చేతులు చాపి ఏడుస్తుంటే, అతను లేచి వీధిలోకి వెళ్లిపోయేవాడట. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చేలల్లో ఎవరు నడిచి వెళ్తున్నా అతనేమో అనిపించింది.

రేవు దగ్గర మెట్లు దిగుతుంటే ముందుగా నాకే కనిపించాయి, కింది మెట్టు మీద ఒక జత చెప్పులు. మగవాళ్ల చెప్పులు. పక్కన మనిషి లేడు. నీళ్లు నిండుగా ఉన్నాయి, ఒడ్డున ఒక పడవ కట్టేసి ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. కాంపౌండరుగారు తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఆవిడ ఒక్కో మెట్టూ దిగి, వంగి, ఆ చెప్పులు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

“ఇయ్యి ఆయనయ్యి కావు,” అంది. అని ఆ మెట్టు మీదే కూలబడింది.

చెప్పులు పడవతనివి. పడవ వెనక వంగుని నీళ్లు తోడుతున్నాడు, మా అలికిడికి లేచి వచ్చాడు. అడిగితే, నిన్న పొద్దున ఒకతను వచ్చి ఇక్కడే కూర్చున్నాడన్నాడు. ఎవరితో మాట్లాడలేదట. ఇతనికి అనుమానం వచ్చి, దాటాలా అని అడిగితే వద్దన్నాడట. మధ్యాహ్నం దాటాక లేచి, నందిగామ ఆసుపత్రిలో ఫోటో తీస్తారా అని అడిగాడట. ఎక్స్‌రే అయితే తీస్తారని పడవతను చెబితే, బస్సు కోసం పైకి వెళ్లిపోయాడట. మీరు పోలీసోళ్లా అని మమ్మల్నడిగాడు. కాదన్నాం.

నందిగామ చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మా ఊరే, ఆ ఆసుపత్రి నేను పుట్టిన ఆసుపత్రే. అయినా ఆ గేటులోకి వెళ్తుంటే ఎక్కడికి వచ్చానో తెలియనట్టు అనిపించింది. వరండాలో గోడవార అతను కూర్చుని ఉన్నాడు. మాసిన గడ్డం. ఒళ్లో గోధుమరంగు కవరు. ముందురోజు వచ్చేసరికి ఎక్స్‌రే గది మూసేశారట. అక్కడే వరండాలో పడుకుని, పొద్దున తీయించుకుని, ఫిల్ము ఆరి డాక్టరు చూసేదాకా కూర్చున్నాడు. భార్య వెళ్లి అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అతను కవరులోంచి చీటీ తీసి ఆవిడకిస్తే, ఆవిడ నాకిచ్చింది. టీబీ ఆనవాళ్లు లేవని ఇంగ్లీషులో రాసి ఉంది. అందులోనూ ఆ రెండక్షరాలు ఉన్నాయి. నా ప్రోగ్రాము ఆ చీటీ చదివినా అతన్ని జాబితాలోనే వేసేది.

నేను నిలబడే చెప్పాను, గేటు దగ్గర ఆవిడకి చెప్పినట్టే. అతను నన్ను గుర్తుపట్టాడు. బస్సులో పైట అడ్డం పెట్టుకున్నదాన్నని గుర్తుపట్టాడని ఆ చూపులో తెలిసింది.

“మీరు నాకు చెప్తే ఏం లాభవండీ,” అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “నాకు లేదని నాకు చీటీ ఇచ్చారు. మా అమ్మ చదవలేదు. మా వీధిలో వాళ్లు చదవరు. మీరొచ్చి వాళ్లకి చెప్పండి.”

వెళ్లాం. దీపాలు పెట్టే వేళకి వ్యాను చిల్లకల్లులో వాళ్ల వీధిలో ఆగింది. జనం పోగయ్యారు. అతని తల్లి పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. మా వైపు వచ్చే ధైర్యం లేదు, లోపలికి పోవడానికి కాళ్లు రావడం లేదు. అంతవరకూ నలుగురి ముందు మాట్లాడి ఎరగను. ఈయనకి జబ్బు లేదని, లెక్క తప్పు చూసింది నేనని, ఫ్యాక్టరీలో ఆ లెక్కలు చూసే ఉద్యోగం నాదేనని చెప్పాను. ఒక ముసలాయన, లేదని ఎట్టా నమ్మటం, మొన్న ఉందన్నది కూడా మీరే కదా అన్నాడు. కాంపౌండరుగారు ముందుకు వెళ్లి, అరుగు మీద అతని పక్కన కూర్చుని, లోపలినుంచి మంచినీళ్లు తెప్పించి, అతను సగం తాగిన గ్లాసు అందుకుని మిగతా సగం తాగారు. అప్పుడు తల్లి గుమ్మం దిగింది. పిల్ల తండ్రి మీదికి దూకింది. అతను నా వైపు చూడలేదు. ఆ తర్వాత కూడా బస్సులో ఎప్పుడూ నాకు తల పంకించలేదు. పంకించాలని నేనూ అనుకోలేదు.

మర్నాడు బోర్డు మీద కాగితం లేదు. దాని స్థానంలో, కంప్యూటరులో సాంకేతిక లోపం వల్ల పొరపాటు జరిగిందని ఇంకో కాగితం ఉంది. చిల్లకల్లు సంగతి చెవినపడి ఆఫీసరుగారు రాసిందే. యంత్రం పాపం నోరెత్తలేదు. నా ఉద్యోగం నిలిచింది, యంత్రమూ నిలిచింది. ఆ నోటీసు చూసి నాకు సిగ్గేసింది, హాయిగానూ అనిపించింది. రెండూ నిజమే.

ఇక కార్డులన్నీ కంటితో చదవాలని నేనే అడిగాను. కాంపౌండరుగారు వచ్చి కూర్చున్నారు. శుక్రవారం, శనివారం ఇద్దరం ఒక్కో వరసా చదివాం. మొదటిరోజు మధ్యాహ్నం ఆయన వేలు ఒక మాట మీద ఆగింది. థైసిస్ అనే పొడుగాటి ఇంగ్లీషు మాట, నాకు అర్థం తెలియదు, అందులో టి, బి ఎక్కడా పక్కపక్కన లేవు. ఇదేంటండీ అని అడిగాను.

“క్షయకి అసలు మాట ఇదేనమ్మా,” అన్నారు మెల్లిగా. “రోగి కార్డు చూసినా భయపడకూడదని డాక్టర్లు దాన్ని ఇట్టా రాస్తారు. ఉందని తేలినోళ్లకి టీబీ అని రాయరు.”

నా ప్రోగ్రాము ఎంత తలకిందులుగా పనిచేసిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. జబ్బు లేనివాళ్ల కార్డుల మీద జబ్బు పేరుంది. ఉన్నవాళ్ల కార్డుల మీద లేదు. అందరినీ భయపెట్టిన ఆ వారమంతా అసలు మనుషులు దగ్గుతూ, మందు లేకుండా, పక్కవాళ్ల పేర్లు బోర్డు మీద చదువుకుంటూ తిరిగారు. ఆ మాట ఉన్న కార్డులు పద్నాలుగు దొరికాయి.

పదమూడోది పెనుగంచిప్రోలు చిరునామాతో ఉంది.

పేరు చదివి, మళ్లీ చదివాను. కాంపౌండరుగారు అరచేత్తో తెరని కప్పేశారు. వెనక మూడు గజాల దూరంలో ఆ అమ్మాయి టకటకా టైపు చేస్తోంది. నా మనసులోకి ముందుగా వచ్చింది ఆమె గురించి కాదు, నా గురించి. ఎన్ని నెలలుగా ఒకే కారియర్లో తిన్నామో లెక్క వేసుకున్నాను. ఆమెకి నయమైందని ఇక్కడే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. ఏడాదిన్నర పట్టింది. నాకు పరీక్ష చేస్తే ఏమీ లేదన్నారు. కానీ ఆ శనివారం ఇవేవీ తెలియవు.

డిస్పెన్సరీ వెనక, ఎవరూ రాని చోటికి తీసుకెళ్లి చెప్పాను. కాంపౌండరుగారు కాస్త దూరంలో నిలబడ్డారు. ఆమె ఏడవలేదు. ఆ మాట ఏంటక్కా అని అడిగింది. చెప్పాను.

“అది నేనే కొట్టా,” అంది. “తెలీని మాట కదా, స్పెల్లింగు తప్పు పోకూడదని రెండుసార్లు చూసుకుని మరీ కొట్టా.”

తర్వాత ఒక్కటే అడిగింది, ఈ జాబితా ప్రింటు తియ్యొద్దని. తియ్యనన్నాను. గదిలోకి వెళ్లి ఆ పద్నాలుగు పేర్లు, ముందు జాబితాలో మిగిలిన ఆరు పేర్లు, చేత్తో ఒక తెల్లకాగితం మీద రాసి, మడిచి, నా సంచిలో పెట్టుకున్నాను. ఆదివారం అంతా ఆ సంచి నా కళ్లముందే ఉంచుకున్నాను.

సోమవారం డాక్టరుగారు వచ్చారు. జరిగిందంతా విని కాగితం విప్పి చదివారు. ఎవరి కంటా పడకూడదనే ఆ మాట రాసుకుంటామమ్మా, నువ్వు వెతికి పట్టుకునే యంత్రం పెట్టావు అన్నారు. అది తిట్టో కాదో ఇప్పటికీ తెలియదు. ఇరవైమందినీ ఒక్కొక్కరిగా తానే పిలిపించుకుంటానని, మొదట మా అమ్మాయిని పంపమని చెప్పారు.

ఆమె ఒక్కతే వెళ్తానంది. నేను కూడా బయల్దేరాను. మా గదినుంచి డిస్పెన్సరీకి ఆవరణ అంతా దాటి వెళ్లాలి. ప్యాకింగు దగ్గర షిఫ్టు మారే వేళ, మనుషులు నిలబడి చూస్తున్నారు. ఎవరికీ ఏమీ తెలియదు, అయినా అందరికీ తెలిసినట్టే అనిపించింది మాకు. సగం దూరం వెళ్లాక ఆమె చెయ్యి నా చేతిలోంచి తీసుకోబోయింది.

“నీకు భయం వెయ్యట్లేదా అక్కా?”

“వేస్తోంది,” అన్నాను. ఆ వారంలో అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు. డాక్టరుగారి గది తలుపు దాకా అలాగే నడిచాం.